బోణీ చెయ్యి

ఎనిమిదో నెల రాగానే తెనాలి డాక్టరమ్మ మా జ్యోత్స్నకి రక్తం పరీక్ష చేయించి, ఒంట్లో రక్తం ఏడున్నర గ్రాములే ఉందంది. "ఇలాగే ఉంటే కాన్పు కష్టమమ్మా. కనీసం తొమ్మిదన్నా దాటాలి" అంది. ఐరన్ మాత్ర వేసుకుంటే వాంతి చేసుకుంటోందని చెప్పాను. మాత్ర సగం చేసి అన్నం తిన్నాక ఇవ్వమంది. "ఆకుకూర మాత్రం రోజూ ఉండాలి. పల్లెటూరేగా మీది, ఆకుకూరకి ఏం లోటు?" అని కూడా అంది.

నేను తల ఊపాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా తలే ఊపేదాన్ని. మా ఆయన బసవేశ్వరరావు పోయి అప్పటికి రెండు నెలలు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కూలబడిపోయిన మనిషి మళ్ళీ లేవలేదు. నేను ఏడవలేదు. వచ్చినవాళ్ళంతా ఏడ్వమ్మా, ఏడిస్తే బరువు తగ్గుతుందన్నారు. బరువేమీ తెలియడం లేదు, తగ్గడానికి.

మా ఊరు తాడిమెరక, రేపల్లె దాటి పద్నాలుగు కిలోమీటర్లు. పక్కా పల్లెటూరే, డాక్టరమ్మ అన్నదాంట్లో తప్పు లేదు. చూపు ఆనినంత మేర వరి, వరి అయిపోయిన చోట రొయ్యల చెరువులు. వడ్లు మిల్లుకి పోతాయి, రొయ్యలు ఐసు పెట్టెల్లో ఎక్కడికో పోతాయి. తినడానికి ఆకు కావాలంటే మాత్రం దొరకదు. మా పెరట్లో మునగచెట్టు ఉండేది. పక్కనున్న ఎకరన్నర మేమే చెరువుకిచ్చాం. ఉప్పునీరు ఊరి మొదట బచ్చలి పాదు పోయింది, తర్వాత మునగచెట్టు నిలువునా ఎండింది. ఎవరినీ తిట్టుకోవడానికి కూడా లేదు, సంతకం పెట్టింది మేమే. ఊళ్ళో ఉన్న ఒక్క కొట్లో చిప్స్ పొట్లాలు, బిస్కెట్లు, షాంపూలు దొరుకుతాయి. ఉల్లిపాయలు ఉంటే ఉంటాయి.

అల్లుడు అభిరామ్‌కి బాపట్లలో ఉద్యోగం. ఆదివారం ఆదివారం వచ్చి యాపిల్స్ ఇచ్చి వెళ్ళేవాడు. తోటకూర తీసుకురా బాబూ అంటే నవ్వాడు. "బాపట్ల నుంచి పల్లెటూరికి తోటకూర మోసుకురావాలా అత్తయ్యా?" అన్నాడు. ఆ తర్వాతి వారం రెండు కట్టలు తెచ్చాడులెండి. బస్సులో నలిగి నల్లబడ్డాయి.

ఇక మిగిలింది కొండయ్య బండి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే రేపల్లె మార్కెట్లో సరుకు ఎత్తుకుని, ట్రాలీ ఆటోలో కాలవ కట్ట మీదుగా వస్తాడు. "వంకాయలమ్మా, బెండకాయలమ్మా" అని మైకులో అరుపు, అది కూడా రికార్డు చేసిందే. అతని తిరుగుడులో మొదటి ఊరు మాది. ఊళ్ళో మొదటి ఇల్లు మాది. ఐదేళ్ళ నుంచి కొండయ్యకి బోణీ నా చేత్తోనే. "చెల్లెమ్మా, నీ చెయ్యి పడితే మధ్యాహ్నానికి బండి ఖాళీ" అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని. చదువు పెద్దగా లేదు, బంగారం అంతంత మాత్రం. చెయ్యి మంచిదని ఒకడు అంటే అది కూడా ఒక ఆస్తే అనిపించేది.

మా ఆయన పెద్దకర్మ అయ్యాక మొదటిసారి బండి వచ్చిన రోజు, అరుగు మీదే కూర్చుని ఉన్నాను. కాలవ మలుపు దగ్గర మైకు ఆగిపోయింది. బండి మా ఇంటి ముందు నుంచి జోరుగా పోయింది. కొండయ్య చెరువుల వైపు చూస్తూ తోలుకుపోయాడు. రామాలయం దగ్గరికి చేరాక మైకు మళ్ళీ మొదలైంది. బాధలో ఉన్నానని ఆగలేదేమో అనుకున్నాను. రెండోసారీ, మూడోసారీ అదే జరిగాక అర్థమైంది. అర్థమైతే కోపం రావాలి కదా, అదీ రాలేదు.

జ్యోత్స్న పురిటికి వచ్చాక నేనే సంచి పట్టుకుని రామాలయం దాకా నడిచాను. నన్ను చూసి ఆడవాళ్ళు పక్కకి జరిగారు. కొండయ్య తలెత్తకుండా "ఆకుకూర అయిపోయింది చెల్లెమ్మా" అన్నాడు. తడి గోనె కింద నుంచి తోటకూర కాడలు బయటికే కనిపిస్తున్నాయి. బంగాళాదుంపలు అరకిలో తీసుకుని వచ్చేశాను.

ఒకరోజు రేపల్లె కూడా వెళ్ళాను. మా ఊరి బస్సు ఎప్పుడో తీసేశారు. షేర్ ఆటో నిండితే గానీ కదలదు. గోంగూర, పాలకూర కొనుక్కుని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. జ్యోత్స్న బాత్రూం గడప దగ్గర కింద కూర్చుని ఉంది. కళ్ళు తిరిగాయట. పడిపోలేదమ్మా, మెల్లిగా కూర్చున్నానంది. పక్కింటి కోటిరత్నం అత్త దాని తల పట్టుకుని విసనకర్రతో విసురుతోంది. ఇక దాన్ని ఒక్కదాన్నీ వదిలి ఎక్కడికీ వెళ్ళకూడదని ఆ రోజే అనుకున్నాను.

కోటిరత్నం అత్త మా ఆయనకి వరసకి మేనత్త. ఊరి ఈ చివర ఉన్నవి రెండే ఇళ్ళు, మాదీ ఆవిడదీ. ఆవిడ భర్త పోయి ఇరవై ఏళ్ళు. ఆ సాయంత్రం ఆవిడ మజ్జిగ తెచ్చిచ్చి, గుమ్మంలో కూలబడింది.

"కొండయ్య ఎందుకు ఆగట్లేదో తెలుసా నీకు?" అంది.

"తెలుసత్తా."

"తెలిస్తే మరి పొద్దున్నే అరుగు మీద కూర్చుంటావేంటే? వాడొచ్చే వేళకి తలుపు చాటున ఉండు. పిల్లని మెట్ల మీద నిలబెట్టు. కడుపుతో ఉన్న పిల్ల, ముత్తైదువ, దాని చేత్తో బోణీ అంటే వాడెందుకు ఆగడు? బోణీ అయ్యాక నువ్వు రా. నేను ఐదేళ్ళ నుంచి అట్లాగేగా వస్తున్నాను."

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

కొండయ్య మా ఊరికి మొట్టమొదట వచ్చిన రోజు గుర్తొచ్చింది. అత్త నాకంటే ముందే బండి దగ్గరికి వెళ్ళింది, చేతిలో ఇరవై రూపాయల కాగితంతో. నేను పరుగున వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. "నువ్వాగత్తా, నేను బోణీ చేస్తా" అన్నాను, నవ్వుతూనే. కొండయ్య కూడా నవ్వాడు. అత్త వెనక్కి జరిగింది. అప్పటి నుంచి నా గేటు చప్పుడు విన్నాకే ఆవిడ తలుపు తీసేది. బండి కింద పెట్టెలో మొన్నటి సరుకు ఉంటుంది. ఆవిడ వంగి దాన్నే ఏరుకునేది. చవగ్గా వస్తుందని కాబోలు అనుకున్నాను. ఐదేళ్ళు అలాగే అనుకున్నాను. ఆ రోజు నవ్వింది నేనేనని గుర్తొచ్చాక మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశాను.

సోమవారం జ్యోత్స్న మెట్ల మీద నిలబడింది. బండి ఆగింది. నాలుగు కట్టల తోటకూర, రెండు మెంతికూర. "నీదీ అమ్మ చెయ్యే తల్లీ" అంటున్నాడు కొండయ్య. తలుపు వెనక నిలబడి విన్నాను. జ్యోత్స్న లోపలికి వచ్చి కట్టలు నా చేతికిచ్చి, "ఇదేం దాగుడుమూతలమ్మా, నాకు సిగ్గేస్తోంది" అంది. సిగ్గు తర్వాత, ముందు తినమన్నాను. తోటకూర పులుసు, మెంతికూర పప్పు, మళ్ళీ తోటకూర వేపుడు. మూడు వారాలు అదే తిండి. పిల్ల మొహం చిట్లించుకుంటూ తినేది.

మళ్ళీ రేపల్లె పాసింజరెక్కి తెనాలి వెళ్ళాం. ఎనిమిదిన్నర అయిందన్నారు. డాక్టరమ్మ నవ్వింది గానీ కాళ్ళ వాపు చూసి నవ్వు ఆపేసింది. బీపీ పెరిగిందట. మంచం దిగకూడదంది. "ఇదే తిండి ఇంకో మూడు వారాలు పెట్టండి, గట్టెక్కుతాం" అంది.

మంచం దిగకపోతే మెట్ల మీద ఎవరు నిలబడతారు? ఆ మాట డాక్టరమ్మని అడగలేం కదా.

బుధవారం పొద్దున్న నేనూ అత్తా మా తలుపు చాటున నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో మాకే తెలియదు, అలవాటు. మలుపు దగ్గర మైకు వినిపిస్తోంది. మెట్ల మీద ఎవరూ లేకపోతే అది ఆగిపోతుంది, బండి జోరందుకుంటుంది. లోపల మంచం మీద నుంచి జ్యోత్స్న "అమ్మా, నేను లేస్తా, రెండు నిమిషాలేగా" అంటోంది. కాళ్ళు కింద పెట్టిన చప్పుడైంది.

"పడుకో" అని అరిచాను. అంత గట్టిగా అరిచి నెలలైంది. అత్త చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, కట్ట మీద బండికి అడ్డంగా నిలబడ్డాను. ఒకవైపు కాలవ, ఇంకోవైపు చెరువు. తిప్పుకోవడానికి జాగా లేదు. కొండయ్య బ్రేకు వేశాడు.

"తప్పుకో చెల్లెమ్మా."

"బోణీ కావాలి."

"నీ మీద నాకేం లేదు చెల్లెమ్మా. ఇంట్లో ముగ్గురు పిల్లలు నాకు. బేరం చెడితే వాళ్ళకేం పెట్టేది?"

"నా కూతురికి ఏం పెట్టాలో నువ్వు చెప్పు మరి. బోణీ నాది కాదులే, భయపడకు. మా అత్తది. ఐదేళ్ళ కిందట మొదటి బోణీ ఆవిడే చెయ్యాల్సింది. నేనే చెయ్యి పట్టుకు లాగాను. నువ్వు కూడా చూశావు."

కొండయ్య అత్త వైపు చూశాడు. మైకు మాత్రం వంకాయలమ్మా, బెండకాయలమ్మా అని అరుస్తూనే ఉంది. కాసేపటికి మైకు కట్టేశాడు. తర్వాత ఇంజను కట్టేశాడు. దిగి, తడి గోనె తీసి పక్కకి పెట్టాడు. బండి నిండా తోటకూర, పాలకూర, గోంగూర, అప్పుడే నీళ్ళు చల్లినట్టున్నాయి. మా కోసం కాకపోయినా అన్నీ ఉన్నాయి.

"తీసుకో మామ్మా" అన్నాడు.

కోటిరత్నం అత్త రొంటిన దోపుకున్న నోటు తీసింది. వంగింది. ఆవిడ చెయ్యి తిన్నగా కింద పెట్టెలోకి వెళ్ళి, వాడిపోయిన కట్టల్ని ఏరడం మొదలుపెట్టింది.

"పైన ఉన్నాయత్తా" అన్నాను.

"ఆఁ" అంది గానీ చెయ్యి కిందే ఉంది.

నేను ఆ మణికట్టు మళ్ళీ పట్టుకున్నాను. పైకెత్తి, తోటకూర మీద పెట్టాను. ఆవిడ ఆ కట్టని పట్టుకోకుండా ఊరికే ఆకుల్ని తడిమి చూస్తూ ఉండిపోయింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, మూడు నెలల తర్వాత, నడిరోడ్డు మీద, కొండయ్య ముందు. మా ఆయన కోసమో ఆవిడ కోసమో తెలియదు, ఆపుకోలేకపోయాను.

కాన్పు నాటికి రక్తం తొమ్మిది దాటింది. ఆడపిల్ల. కొండయ్య బండి ఇప్పుడు మా ఇంటి ముందు ఆగుతుంది. అయినా అత్త చెయ్యి ఇవాళ్టికీ ముందు కిందకే పోతుంది, ప్రతిసారీ నేనే పట్టుకుని పైకి తెస్తాను.