కొక్కెమ్మ బకెట్టు

ఎనిమిదో సాలు సగంలో షీటు మళ్లీ తెగింది. కొక్కెమ్మ అక్కడే గొంతుకూర్చుని, ఇనప కొక్కేన్ని మట్టిలోకి ఏటవాలుగా దించి, నల్ల పీలికను వేలికి చుట్టుకుని మెల్లిగా లాగింది. విసురుగా లాగితే ముక్కలవుతుంది. ముక్కలైతే ఏరడానికి ఇంకో పూట పడుతుంది.

టమాటా కాపు అయిపోయాక, మొక్కల కింద పరిచిన ప్లాస్టిక్ షీటును ఏరడమే పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. కొక్కెం చేతిలోంచి దిగదు కనుక అసలు పేరు అందరూ మరిచిపోయారు. గోళ్లు అరిగాయి, చూపుడువేలు వంకరగానే ఉండిపోయింది. షీటు పరిచే రోజు ఊరంతా వస్తుంది, ఫోటోలు కూడా దిగుతుంది. ఏరే రోజు ఒక్కడూ కనపడడు.

ఇంకా పదహారు సాళ్లున్నాయి. ట్రాక్టరు ఎల్లుండి వస్తుందన్నారు. ఆలోగా ఏరేస్తే చేను పాడవకుండా ఉంటుందని పొద్దున టీ కూడా తాగకుండా వచ్చింది. అలాంటిది, మధ్యాహ్నానికే ట్రాక్టరు గట్టు దిగింది.

"పిన్నీ, పక్కకి లే. ఇవాళే దున్నెయ్యమన్నాడు ఆసామి," అన్నాడు డ్రైవరు.

"షీటు ఉండగానేనా?"

"అది మట్టిలో కలిసిపోయే రకమటగా. దాని మీదే రాసుంది."

కొక్కెమ్మ పంపు షెడ్డు దగ్గరకి వెళ్లింది. ఆసామి కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"అయ్యా, రెండు రోజులు ఆగండి. ముక్కలైతే ఇక జన్మలో ఏరలేం."

"కంపెనీవాళ్లు చదువుకున్నవాళ్లు కొక్కెమ్మా. నీకున్న తెలివి వాళ్లకి లేదా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నిరుడు మట్టి పరీక్ష చేసే ఆవిడ వచ్చి, షీటు మెత్తగా ఉండటానికి కలిపే రసాయనం మెల్లగా కారి నేలలో చేరుతుందని, వానపాములు అందుకే తగ్గాయేమో చూడాలని చెప్పింది. ఆసామి ఆవిడకి కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, మాట మాత్రం పుచ్చుకోలేదు. తిండి పెట్టే నేల నోట్లోనే మట్టి కొట్టేవాడికి ఎవరు చెప్తే వినబడుతుంది?

ట్రాక్టరు వెనక మట్టిని తిరగేసే రోటవేటరు కత్తులు తిరిగాయి. పీలికలు గాల్లోకి లేచి, తునకలై, మట్టిలో పడ్డాయి. పదహారు సాళ్లూ గంటలో అయిపోయాయి. రెండు రోజులు ఆగితే ఎవరి కొంప మునిగేది? పంతొమ్మిదేళ్లుగా అరిగిన ఆమె వేళ్లని ఆ గంట వెక్కిరించింది.

కొక్కెమ్మ ఏడవలేదు. షెడ్డు వెనక్కి వెళ్లింది. అక్కడ పగిలిన రంగు బకెట్టు ఒకటి ఉంది. మూడేళ్ల కిందట కొత్త షీటు తెచ్చిన వ్యాపారి, "రెండేళ్లలో ఆనవాలే ఉండదు" అన్నాడు. ఆ రోజే ఆమె మూరెడు ముక్క కత్తిరించి, ఈ చేని మట్టి నింపిన ఆ బకెట్టులో పాతిపెట్టి, రోజూ తను తాగగా మిగిలిన నీళ్లు పోస్తూ వచ్చింది. తగువుకి సాక్ష్యం కోసం కాదు. అది కరిగితే తన వేళ్లకి విశ్రాంతి దొరుకుతుందని. నమ్మాలనే ఆమె కోరిక. తవ్వి చూసే ధైర్యం మాత్రం ఇన్నాళ్లూ రాలేదు.

బకెట్టు ఎత్తుకొచ్చి ఆసామి కాళ్ల ముందు బోర్లించింది.

"మూడేళ్లయిందయ్యా. మీరే చూసుకోండి."

మట్టిగడ్డ విడిపోయింది. ఒక్క వానపాము కూడా లేదు. పీలిక మూరెడూ ఉంది. కొక్కెంతో ఎత్తితే మెత్తగా వంగలేదు, ఎండు రొట్టెలా చిట్లింది. ఆ మెత్తదనం ఎటు పోయిందో చెప్పడానికి పరీక్ష చేసే ఆవిడ అక్కర్లేదు.

ఆసామి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సరేలే, వచ్చే పంటకి చూద్దాం. రేపు పై చేనుకి రా."

"నేను రానయ్యా. అక్కడైనా ఏరనిస్తారని ఏంటి నమ్మకం?"

చెంగుతో వేళ్లు తుడుచుకుని, కొక్కెం చేతిలో పట్టుకుని గట్టెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. డ్రైవరు ఇంజను ఆపి, చూపు దించుకున్నాడు.

ఆసామి కుర్చీ ముందు నల్ల పీలిక పడి ఉంది. దాని అంచున తెల్లటి అక్షరాలు ఒక్కటీ చెరగలేదు: 'నేలలో పూర్తిగా కలిసిపోతుంది.'