అంకె పెరిగితే మంచిదా

పెరిగితే మంచిదే కదా, పిల్లల ఆస్పత్రిలో తూకం వేసినప్పుడు అంకె పెరిగితే నర్సమ్మ నవ్వుతుంది, పెరగకపోతే వాడికేం పెడుతున్నావే తల్లీ అని అందరి ముందూ నిలదీస్తుంది, మరి ఈ ఫోటోల కొట్టులో కంప్యూటర్‌కి రిపేరు కుర్రాడు బొవాచి పొద్దున బిగించి వెళ్లిన ఈ ఫ్యాన్ రెగ్యులేటర్ మీద కూడా అంకె పెరుగుతోంది, అరవై రెండు, అరవై ఏడు, మంచిదే అయ్యుంటుంది, అనుకుంది సెర్వా, వీపున కట్టుకున్న క్వాకుని పైకి ఎగదోసుకుంటూ, ఆ ఫ్యాన్ హోరుకి పిల్లాడు ఉలిక్కిపడి లేచి ఏడుస్తున్నాడనే గదా పెట్టించింది, తిప్పితే వేగం మారుతుందక్కా, అంకె మీద ఓ కన్నేసి ఉంచు, అన్నాడు బొవాచి, అదేం అంకెరా అని అడిగేలోపే బండెక్కేశాడు, అడిగినా నవ్వేవాడేమో, తనది బడి సగంలో మానేసిన మొహం, ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌కైతే ఆఫ్ పక్కనున్న గీతే అన్నిటికన్నా జోరు, ఇదీ అంతే, ఆఫ్ వైపు తిప్పేకొద్దీ అంకె పెరుగుతోంది, అంటే జోరు పెరుగుతున్నట్టే, హోరు మాత్రం తగ్గింది, కొత్త వస్తువు మరి, క్వాకు కూడా నిద్రపోయాడు, అంతా బాగానే ఉంది, బాగానే ఉంటే ఇందాక తెర ఎందుకు నల్లబడింది?

పోయిన ముసలమ్మకి శనివారం అంత్యక్రియలు, అక్కడ పంచే ఆవిడ ఫోటోల పుస్తకానికి సాయంత్రం కొడుకులు వస్తారు, పెళ్లినాటి ఫోటో పెట్టిన పేజీ చేస్తుండగానే కంప్యూటర్ ఆగిపోయింది, మళ్లీ ఆన్ చేసి మొదట్నుంచీ అతికిస్తోంది, ఈసారీ పోతే వాళ్లు ఎదురు కొట్టుకి వెళ్తారు, ఊరంతా చెప్తారు, జోరు చాల్లేదేమో, ఇంకాస్త ఆఫ్ వైపు తిప్పింది, డెబ్భై తొమ్మిది, ఎనభై నాలుగు, ఎంత పెరిగినా గుండె దడ తగ్గదేం, పక్కన జడలల్లే డుఫియే అత్త గుమ్మంలోంచి, ఏమే సెర్వా, మీ పెట్టె నోరు మూసుకుందే, మీ ఆయన్ని కూడా ఆ బొవాచి చేతికే ఇవ్వరాదూ, అంటే అల్లించుకునేవాళ్లంతా పగలబడి నవ్వారు, తనూ నవ్వబోయి ఆ పెట్టె మీద చెయ్యి వేసింది.

కాలుతోంది, ఈ వేడి తన అరచేతికి తెలుసు, పోయిన వారం క్వాకు నుదురు ఇలాగే ఉంది, పొద్దుటిదాకా గుక్కపట్టి ఏడ్చినవాడు మధ్యాహ్నానికి చప్పుడు చేయకుండా పడుకుంటే హమ్మయ్య తగ్గిందనుకుని బట్టలు ఉతుక్కుంది తను, డుఫియే అత్తే వచ్చి చూసి, ఏడవట్లేదని సంతోషిస్తావేమే పిచ్చిదానా, ఏడ్చే ఓపిక లేదు వాడికి, అని ఆస్పత్రికి లాక్కుపోయింది, అక్కడ చంకలో పెట్టిన పుల్ల మీద కూడా అంకె పెరిగింది, అది చూసి నర్సమ్మ నవ్వలేదు, నవ్వలేదు, పరిగెత్తింది, ఇది తూకం అంకె కాదు, జ్వరం అంకె, సెర్వా చెయ్యి రెగ్యులేటర్‌ని ఆఫ్‌కి దూరంగా అటు చివరిదాకా తిప్పేసింది, ఫ్యాన్ హోరున లేచింది, వీపు మీద క్వాకు ఉలిక్కిపడి కెవ్వుమన్నాడు, ఎనభై ఒకటి, డెబ్భై నాలుగు, అరవై, తెర మీద ముసలమ్మ పెళ్లికూతురిగా చెక్కుచెదరకుండా నిలబడింది, ఫ్యానూ పిల్లాడూ ఒక్కసారే గోల పెడుతుంటే చిత్రంగా ఆమె గుండె కుదుటపడింది, ఊరుకో నాన్నా అనబోయి ఆగింది, ఏడవనీ, ఏడుస్తున్నాడంటే బాగున్నాడు.