వాచీ మీద మౌస్

ఆ ఆఫీసులో మనిషి ఉన్నాడా లేడా అని ఎవరూ తల తిప్పి చూడరు. స్క్రీన్ మీద పేరు పక్కన చుక్క చూస్తారు. ఆకుపచ్చగా ఉంటే సీట్లో ఉన్నట్టు. పది నిమిషాలు మౌస్ కదలకపోతే చుక్క బూడిద రంగుకు తిరుగుతుంది, మేనేజర్ చీవాట్లు పెడతాడు. ఇంతింత చదువులు చదివి, అంత పెద్ద ఫైనాన్స్ కంపెనీ పెట్టి, చివరికి కనిపెట్టింది ఈ దిక్కుమాలిన చుక్క!

అక్కడ పనిచేసే ఒకమ్మాయిది బీమా క్లెయిముల సెక్షన్. చనిపోయినవాళ్ల కాగితాలు సరిచూడటం పని. పక్క సీటు పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనేవారు. చుక్కకు విరుగుడు కనిపెట్టింది ఆయనే. చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టి, దాని మీద మౌస్ ఉంచేవాడు. కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే స్క్రీన్ మీద బాణం గుర్తు చీమలా కదిలేది. "చూశావా అమ్మాయ్, నా బదులు నా వాచీ ఉద్యోగం చేస్తోంది" అని కిసుక్కున నవ్వి టీకి వెళ్లేవాడు.

రెండు నెలల కిందట ఒకరోజు పదకొండింటికి బాబాయ్ బల్ల మీద తల వాల్చాడు. పాపం, రాత్రి నిద్ర లేదేమో అనుకుంది. ఆయన వాచీ మెల్లగా విప్పి మౌస్ కింద పెట్టింది. "పడుకోండి బాబాయ్, నేను చూసుకుంటాను" అంది. చుక్క పచ్చగానే ఉంది. నాలుగింటికి లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది.

కంగారులో వాచీని తన డ్రాయర్లో పడేసి తాళం వేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆయన కంప్యూటర్ తీసుకుపోయారు, కుర్చీ కూడా పోయింది. లిస్టులో బాబాయ్ పేరు పక్కన చుక్క మాత్రం పచ్చగానే ఉంది. మూడుసార్లు పేరు తీసేశారు. తెల్లారేసరికి మళ్లీ వచ్చి కూర్చునేది. "సాఫ్ట్‌వేర్ తిక్క" అని కంప్యూటర్లవాళ్లు చేతులు దులుపుకున్నారు. ఆమెకు డ్రాయర్లోంచి టిక్కు టిక్కు వినబడుతూనే ఉండేది.

ఒక మధ్యాహ్నం బాబాయ్ భార్య వచ్చిందని కింద నుంచి కబురొచ్చింది. ఆమె డ్రాయర్ తీసి, వాచీని పిడికిట్లో దాచుకుని దిగింది.

"ఆస్పత్రివాళ్లు ఇచ్చిన సామాన్లలో ఆయన వాచీ లేదమ్మా. నువ్వేమైనా చూశావా?" అని అడిగింది ఆవిడ. "నాలుగింటిదాకా పనిచేస్తూనే పోయారటగా. మీ మేనేజర్ చెప్పాడు. పిల్లలకి అదే గొప్పగా చెప్పుకుంటున్నా."

ఇప్పుడు వాచీ ఇచ్చేసి ఊరుకుంటే సరిపోతుంది. కానీ ఆ అబద్ధం పిల్లల దాకా వెళ్లిందని తెలిశాక ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"కాదు పిన్నిగారూ" అని పిడికిలి విప్పింది. ఏడుస్తూ అంతా చెప్పింది. "పదకొండింటికే ఒక్కసారి తట్టి లేపుంటే బతికేవారేమో."

ఆవిడ వాచీ తీసుకుని చేతికి పెట్టుకుంది. అది వదులై మోచేతి దాకా జారింది.

"నువ్వు నిద్ర అనుకున్నావు, సరే. ఐదు గంటలు మిగతావాళ్లంతా ఏమనుకున్నారమ్మా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఆమె పైకి వచ్చేసరికి ముప్పావుగంట దాటింది. చీవాట్లు తప్పవనుకుంటూ స్క్రీన్ చూసింది. బాబాయ్ పేరు పక్కన చుక్క బూడిద రంగుకు మారింది. తన చుక్క పచ్చగా ఉంది. ఆమె మౌస్ ఉత్త బల్ల మీద, సెకనుకోసారి, వెంట్రుకవాసి కదులుతోంది.

భయం వేసింది. భయం కంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. మౌస్ మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది.

"చాలు బాబాయ్, ఇక పడుకోండి. నేను చూసుకుంటాను."

మౌస్ ఆగింది. ఆమె తల తిప్పి సెక్షన్ అంతా చూసింది. లిస్టులో తక్కిన చుక్కలన్నీ పచ్చగానే ఉన్నాయి. కిటికీ పక్క సీటతను బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. ఎప్పటినుంచో ఎవరికి తెలుసు? ఆమె పరుగున వెళ్లి అతని భుజం పట్టి కుదిపింది.

"అన్నయ్యా! ఓ అన్నయ్యా, లేవండి!"