ఇనుప గోడ వైపు కిటికీ

"లిన్, టీ పెట్టు. ఇనుప వంతెన వచ్చేస్తోంది" అని పడవ వెనక నుంచి గార్డన్ కేకేశాడు.

లినెట్ అప్పటికే కెటిల్ పొయ్యి మీద పెట్టేసింది. ఆయన ప్రత్యేకంగా చెప్పాలా ఏమిటి? పదకొండేళ్ళుగా ప్రతి జూన్‌లోనూ ఓ వారం పాటు ఈ వేల్స్ సరిహద్దు కాలువ మీద పడవ అద్దెకు తీసుకుంటున్నారు. పదకొండేళ్ళుగా సరిగ్గా ఇక్కడికొచ్చేసరికే ఆయనకు టీ కావాలి. ఇక్కడ కాలువ కాలువే గాల్లో సాగుతుంది. లోయకి అడ్డంగా, తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తున పొడుగాటి ఇనుప తొట్టి, అందులో నీళ్ళు, ఆ నీళ్ళ మీద పడవ. ఎక్కడెక్కడి జనమో చూడ్డానికి వస్తారు. పదకొండుసార్లు వచ్చిన లినెట్ మాత్రం చూడలేదు. పొయ్యి దగ్గర నిలబడితే, నీళ్ళని ఆనుకున్నంత కిందికున్న చిన్న కిటికీలోంచి కనిపించేది జానెడు దూరంలో తుప్పు పట్టిన తొట్టి గోడ. పోయేటప్పుడు టీ, వచ్చేటప్పుడు బేకన్ వేపుడు, రెండుసార్లూ అదే గోడ. మొదటి ఏడాది "నేనూ వెనక్కి రానా?" అని అడిగింది. "ఇక్కడ ఇద్దరికి ఇరుకు. నువ్వు హాయిగా లోపల కూర్చో" అన్నాడు. ఆ హాయి ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు?

ఈ పడవల మీద ఎవరూ రాసిపెట్టని పద్ధతొకటుంది. ఏ పడవ చూసినా మొగుడు చుక్కాని పట్టుకుని నిలబడతాడు. పెళ్ళాం ఇనుప కడ్డీ నడుముకి దోపుకుని, లాకు వచ్చినచోటల్లా గట్టు మీదికి దూకి, మర తిప్పి నీళ్ళు వదిలి, ఏనుగంత తలుపుని నడుం ఆనించి నెడుతుంది. ఆయన కదలకుండా "ఇంకాస్త గట్టిగా, లిన్" అంటాడు. "ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన చెయ్యి ఇది" అని కూడా అంటాడు. "వాడికి ఏడాదికి ఒక్క వారమే సెలవమ్మా, విసిగించకు" అనేది అత్తగారు, బతికున్నన్నాళ్ళూ. లినెట్ బడి వంటశాలలో మూడువందల మంది పిల్లలకి వండేది. ఆవిడకి సెలవంటే ఇంకాస్త చిన్న వంటింట్లో వండటం. ఇన్నాళ్ళూ అదీ సర్దుకుంది. సర్దుకోలేనిది ఈ పొద్దున విన్నమాట.

పొద్దున నీళ్ళ కొళాయి దగ్గర ఆగినప్పుడు పక్కనే ఎర్రపడవ ఉంది. అందులోని పెద్దావిడ, మిసెస్ ప్రోబర్ట్, ఒంటరిగా తిరుగుతోందట. ఇనుప వంతెన మాటొచ్చింది.

"మీ ఆవిడకి బాగా నచ్చుతుందేమో కదండీ?"

"అయ్యో, మా ఆవిడకి ఎత్తంటే చచ్చేంత భయమండీ. అక్కడికొచ్చేసరికి లోపల దూరిపోతుంది. నేనూ బలవంతం చెయ్యను, పాపం."

లోపల పెనం తోముతున్న లినెట్ చెయ్యి ఆగిపోయింది. భయమా! ఆవిడకా! వాళ్ళ నాన్న ఇళ్ళకప్పులకు రాతిపలకలు పరిచేవాడు. పదేళ్ళప్పుడే నిచ్చెనెక్కి ఆయనకి పలకలందించిన పిల్ల లినెట్. పెళ్ళినాడు నాన్న ఆ సంగతి గొప్పగా చెప్తుంటే పక్కన కూర్చుని నవ్వింది ఈ గార్డనే. అంటే ఎన్నేళ్ళుగా, ఎంతమందికి చెప్పుకుంటూ వస్తున్నాడు? అడిగితే "ఊరికే అన్నాన్లే, దానికే ఇంత రాద్ధాంతమా" అంటాడు. ఆ మాట వినే ఓపిక ఇక లేదు. టీ నీళ్ళు ఇంకా మరగలేదు.

ఇనుప వంతెనకి ముందు ఓ చిన్న చెక్క వంతెన కాలువకి అడ్డంగా ఉంటుంది. ఒకరు గట్టెక్కి కడ్డీతో మర తిప్పి దాన్ని పైకి లేపితేగాని పడవ కదలదు. లినెట్ పొయ్యి కట్టేసింది. వెనక్కి వెళ్ళి, నడుముకి దోపుకున్న కడ్డీ తీసి గార్డన్ చేతిలో పెట్టింది.

"ఇవాళ నువ్వు దిగు."

"ఏంటీ? నువ్వు నడుపుతావా?"

"నడుపుతా. వంతెన లేపు."

వెనక ఇంకో పడవ వచ్చి ఆగింది. జనం చూస్తుండగా గొడవేం బాగుంటుందనుకున్నాడో ఏమో, గొణుక్కుంటూ దిగాడు. చెక్క వంతెన లేచింది. చుక్కాని అరచేతిలో వెచ్చగా ఉంది. పడవ కిందనుంచి దాటింది. దాటాక ఆగి, కడ్డీ పట్టుకున్న మనిషిని ఎక్కించుకోవడం మర్యాద. లినెట్ ఆగలేదు.

"లిన్! ఆగవే!"

"పక్కన బాట ఉందిగా, నడిచిరా!"

పడవ ఇనుప వంతెన మీదికి రాగానే గాలి ఒక్కసారిగా వచ్చి మొహాన కొట్టింది. ఒకవైపు బాట, దానికి కమ్మీలు. రెండోవైపు మోకాలెత్తు అంచు, ఆ తర్వాత ఏమీ లేదు. కింద ఏరు, ఏటి పక్కన గొర్రెలు, ఎవరో అమ్మాయి దండెం మీద దుప్పట్లు ఆరేస్తోంది. చెట్ల తలలు పైనుంచి చూడటం అదే మొదలు. ఇన్నేళ్ళూ ఇదంతా జానెడు ఇనుము అవతలే ఉందా? కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కోపమో సంతోషమో, రెండూనో.

అడుగుల చప్పుడు వినబడక తిరిగి చూసింది. గార్డన్ కడ్డీ చంకలో ఇరికించుకుని, కమ్మీని రెండుచేతులా పట్టుకుని, పక్కవాటుగా, అంగుళం అంగుళం జరుగుతున్నాడు. మొహం పిండిలా ఉంది. కిందికి చూడటం లేదు. అప్పుడు లినెట్‌కి ఆయన తీసిన ఫోటోలు గుర్తొచ్చాయి. అన్నింట్లోనూ పడవ ముక్కే. "లోయ ఏదిరా?" అని వాళ్ళక్క అడిగితే "కెమెరాలో పట్టదక్కా" అన్నాడు.

ఓరి దేవుడా! ఈయనకి భయం! చుక్కాని పట్టుకుని ముక్కు మీదే చూపు నిలిపి దాటేవాడు. అది ఆవిడ చూడకూడదని ఆవిడని పొయ్యి దగ్గర నిలబెట్టాడు. జాలేసింది. పడవ వేగం తగ్గించింది.

"కిందికి చూడకు. నన్ను చూస్తూ నడు. ఒక్కో అడుగే."

చుక్కాని మాత్రం వదల్లేదు.

అవతలి గట్టున ఎర్రపడవ ఆగి ఉంది. మిసెస్ ప్రోబర్ట్ చేతులు చాచి ఎదురొచ్చింది. "అమ్మో, మీరే నడిపారా! భయమన్నారుగా మీవారు!"

"అవునండీ, ఎలాగో ధైర్యం చేశాను" అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్తగారి దగ్గరా, పిల్లల దగ్గరా గార్డన్‌ని ఇలాంటి మాటలతోనే కాచుకొచ్చింది. ఈసారి మింగేసింది.

"నాకెప్పుడూ భయం లేదండీ."

గార్డన్ అప్పుడే చేరుకుని పచ్చిక మీద కూలబడ్డాడు. పెద్దావిడ ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది. ఆయనే అన్నాడు, నేల చూస్తూ.

"నాకండీ. భయం నాకు."

పెద్దావిడ తలూపి, మెల్లగా తన పడవలోకి వెళ్ళిపోయింది. గార్డన్ తలెత్తాడు. "తిరిగి పోవాలి కదా, లిన్. మళ్ళీ దీని మీదనుంచే."

"పోదాం. నేనే నడుపుతా."

"మరి నేను?"

లినెట్ ఆయన దగ్గర్నుంచి కడ్డీ అందుకుని తన పక్కన పెట్టుకుంది.

"లోపల పొయ్యి దగ్గర నిలబడి టీ పెట్టు. అక్కడ ఏ భయమూ లేదు, గార్డన్. ఇనుప గోడ తప్ప ఏమీ కనబడదు."