ప్లీడరు గారి వైపు వాలే నేల

పొద్దున్నే ప్లీడరు గారు నిద్ర లేచేలోపు ఆయన పెళ్ళాం చిన్నమ్మ కుట్టుమిషను కాళ్ళ కింద చెక్కముక్కలు దోపేసేది. ఆయన నోరు తెరిస్తే ఇంట్లో నేల ఆయన వైపు వాలుతుంది మరి. దారపు ఉండలు దొర్లుకుంటూ ఆయన కాళ్ళ దగ్గర చేరతాయి, పిల్లి జారుతుంది, పెళ్ళాం కూడా జారుతుంది. మాటకారి అన్నాక నేల వాలదా అని ఊళ్ళో ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు కూడా. ఆయనలాంటి మాటకారి ఏడు సముద్రాల ఇవతల ఇంకొకడు పుట్టలేదు. గొంతు సవరించుకుంటే చాలు, నాలుగు వీధుల అవతల నిండు బిందెలు ఒలికిపోయేవి.

ఆయన పద్ధతి చిన్నమ్మకి కంఠతా వచ్చు. ముందు పొగుడుతాడు, తర్వాత భయపెడతాడు, ఆఖర్న మెత్తగా “నీ ఇష్టం” అంటాడు. నేల నిట్టనిలువుగా దిగేది ఆ మాటకే. ఆ మాటకే ఆమె పాడటం మానేసింది, గుట్ట మీది పేటలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళడం మానేసింది.

ఇప్పుడు ఆ పేటలో జ్వరాలు. అక్కడికి ఉన్నది ఒకటే దారి, దానికో ఇనప గేటు. గేటుకి తాళం పడితే లోపలికి మందు పోదు, బయటికి మనిషి రాడు. తాళం వెయ్యాలని ప్లీడరు గారు ఆ రోజే టౌను హాల్లో వాదించబోతున్నాడు.

“అక్క లోపలే ఉందండీ,” అంది చిన్నమ్మ.

“నీలాంటి మంచి మనసు ఎవరికుంది? కానీ రేపు ఆ జ్వరం మనింటికొస్తే? సరే, నీ ఇష్టం,” అన్నాడాయన. ఆమె జారిపోయి గోడకి కొట్టుకుంది.

హాల్లో ఓటంటే చేతులెత్తడం కాదు. గుమస్తా మధ్యలో సుద్దగీత గీస్తాడు, అటు పక్క తాళం, ఇటు పక్క తెరిచిన గేటు. వాదనలయ్యేసరికి ఎవరు ఏ పక్క తేలితే అదే వాళ్ళ ఓటు. ముందు డాక్టరు లేచి గేటు తెరిచే ఉంచాలనీ, మందులు పంపితే సగం పేట బతుకుతుందనీ సణిగాడు. పాపం, గ్లాసులో నీళ్ళు కూడా కదల్లేదు.

ప్లీడరు గారు లేచాడు. ఇంత దయగల ఊరు భూమ్మీద లేదన్నాడు. ముందు వరసలు కుర్చీలతో సహా గీత దాటాయి. చిన్నమ్మ ఇటు పక్క కిటికీ ఊచ పట్టుకుంది. చెమటకి చెయ్యి జారుతోంది. ఇంకొక్క మాటైతే ఊరంతా అటే, అక్క లోపలే.

“ఇప్పుడు భయపెడతారు,” అందామె.

అప్పటికే ఆయన నోట్లోంచి “మీ పిల్లల ఒళ్ళు కాలిపోతుంటే” అన్న మాట జారిపోయింది. మంగలి కిసుక్కున నవ్వాడు. నేల కాస్త పైకి లేచింది.

“ఆఖర్న మీ ఇష్టం అంటారు. మా ఇంట్లో రోజూ ఇదే.”

ప్లీడరు గారు నోరు తెరిచాడు. ఆ మాట తప్ప ఇంకోటి లేదు అందులో. మూసుకున్నాడు. నేల దభీమని చదునైంది.

“మా అక్క లోపలుంది. గేటు తెరిచే ఉంచండి,” అంది చిన్నమ్మ.

అంతే, హాలు హాలంతా ఆమె వైపు ఒరిగింది. డాక్టరు, మంగలి, గుమస్తా, బల్లలు అన్నీ గీత దాటి వచ్చి పడ్డాయి. అందరికంటే ఆఖర్న ప్లీడరు గారు. గేటుకి తాళం పడలేదు.

కానీ ఎవరూ లేవలేదు. ఆమె మొహంలోకి చూస్తూ అలాగే ఉండిపోయారు.

“ఈ జ్వరం ఊళ్ళోకి తెచ్చిందెవరో కూడా నువ్వే చెప్పమ్మా,” అన్నాడు మంగలి. “వాడి సంగతి మేం చూసుకుంటాం.”

కాళ్ళ దగ్గర పడి ఉన్న మొగుడి పేరు ఆమె నాలిక చివరికి వచ్చేసింది.

చిన్నమ్మ రెండు చేతులతో నోరు నొక్కుకుంది. నేల ఇంకా వాలుతూనే ఉంది.