చెల్లి చెప్పింది చెప్పినట్టు

మా చెల్లి చిట్టి నాలుగో తరగతి రెండోసారి చదువుతోంది. ఈసారి కూడా తప్పితే మూడోసారి అక్కడే కూర్చోవాలి. అప్పటికి పక్కన కూర్చునే పిల్లలు దాని భుజం దాకా కూడా రారు. బల్ల కింద మోకాళ్లు పట్టడం లేదని ఇప్పటికే గొడవ పెడుతోంది.

దానికి తెలివి లేక కాదు. మా అమ్మకు ఇస్త్రీ దుకాణం ఉంది. ముప్పై ఇళ్ల బట్టలు వస్తాయి. మూటలు కలిసిపోయి ఏ చొక్కా ఎవరిదో తెలియనప్పుడు అమ్మ చిట్టిని కేకేస్తుంది. చిట్టి కాలరు వంక ఒక చూపు చూసి, ఇది పోస్టుమాస్టరు గారిదనీ, ఎడమ చేతి మడతలో సిరా మరక ఉంటుందనీ చెబుతుంది. మడత విప్పితే మరక బుద్ధిగా అక్కడే ఉంటుంది. కానీ పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం కూడా దాని మాట వినదు. ఒక వాక్యం పూర్తయ్యేసరికి ముఖమంతా చెమటలు పడతాయి. ఇక రాత సంగతి చెప్పక్కర్లేదు. తను రాసింది తనే చదవలేదు.

హెడ్మాస్టరు గారు దాన్ని సోమరిపోతు అన్నారు. అమ్మ కొన్నాళ్లు ఆ మాటే నమ్మి చిట్టి వీపు విమానం మోత మోగించింది. ఈ ఏడు కొత్తగా వచ్చిన టీచరు గారు మాత్రం రెండు వారాలు ఏమీ అనకుండా దాన్ని గమనించారు. తర్వాత ఒక సాయంత్రం మా దుకాణానికి వచ్చి, కూర్చోవడానికి చోటు లేక బట్టల మూట మీదే కూర్చున్నారు. కొందరు పిల్లలకు చదువు కంటి ద్వారా ఎక్కదని, చెవి ద్వారా ఇట్టే ఎక్కుతుందని, అది బద్ధకం కాదని, కొడితే పోదని చెప్పారు. రోజూ ఎవరైనా పాఠం చదివి వినిపించాలన్నారు. అమ్మ ఒక చేతిలో ఇస్త్రీపెట్టె పట్టుకుని, రెండో చేత్తో నన్ను చూపించింది.

నాకు నలుగురిలో నోరు పెగలదు. అమ్మ నన్ను మూగనోము అని పిలుస్తుంది. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటాను. ఎవరు ఏమన్నారో అన్నది అన్నట్టు రాయడం నాకు అలవాటు. అయితే చిట్టి ముందు నా గొంతు బాగానే లేస్తుంది. అందుకని రోజూ బడి అయ్యాక ఇస్త్రీబల్ల పక్కన నిలబడి నేను చదివేదాన్ని, అది బట్టలు మడుస్తూ వినేది. మధ్యలో ఎవరైనా మూట తెస్తే నా గొంతు ఠక్కున ఆగిపోయేది. వాళ్లు వెళ్లేదాకా పాఠం లేదని చిట్టి అందరికీ వినబడేలా చెప్పేది.

విన్న ప్రతిదాన్నీ అది ఏదో ఒక బట్టకు తగిలించుకునేది. భిన్నాలు దుప్పటి మడతల్లో నేర్చుకుంది. రాజుల పేర్లు ప్యాంట్ల వరసలో పెట్టుకుంది. పొట్టి ప్యాంటు రాజు తక్కువ కాలం ఏలాడట.

చివరి పరీక్షకు టీచరు గారు పై ఆఫీసు నుంచి అనుమతి తెచ్చారు. ఒకరు ప్రశ్న చదివి వినిపించాలి, చిట్టి నోటితో చెప్పాలి, వాళ్లు రాయాలి. కొత్తవాళ్ల దగ్గర చిట్టి బిగుసుకుపోతుంది కాబట్టి నన్నే కూర్చోబెట్టమన్నారు. హెడ్మాస్టరు గారికి ఇది సుతరామూ నచ్చలేదు. నేను మా తరగతిలో మొదటి ర్యాంకు. నా చెల్లెలి చెవిలో జవాబులన్నీ ఊదేస్తానని ఆయన అనుమానం. చివరికి ఒక కాగితం మీద షరతు రాసి నా చేత సంతకం పెట్టించారు. పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. ప్రశ్న తప్ప నా నోటి నుంచి ఏమీ రాకూడదు. ఆ చివరిది నాకు కష్టం కాదు.

పరీక్ష బీరువాల గదిలో జరిగింది. హెడ్మాస్టరు గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. నేను చదివాను, చిట్టి చెప్పింది, నేను రాశాను. చెయ్యి పడిపోయిందనుకోండి.

వారం తర్వాత అమ్మకు బడి నుంచి కబురొచ్చింది. మా ఇద్దరినీ వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గారి గదికి వెళ్లింది. మార్కుల పట్టీలో చిట్టి పేరు ఎదురుగా యాభైకి నలభై రెండు ఉంది. హెడ్మాస్టరు గారు ఆ అంకె మీద వేలు పెట్టి కూర్చున్నారు. ఈ పరీక్ష చెల్లదని, పిల్ల నాలుగులోనే ఉండాలని ఆయన అమ్మతో చెప్పారు. అమ్మ కొంగు చివర మెలిపెడుతూ నిలబడింది. చిట్టి తన మోకాళ్ల వంక చూసుకుంది.

ఆయన నా వైపు తిరిగి అడిగారు. "గుమ్మంలోనే కూర్చున్నానే. నా కళ్లు గప్పి ఎప్పుడు చెప్పావు?"

లేదు అనాలి. ఒక్క మాట. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఎంత సేపు నిలబడితే అంత దొంగలా కనిపిస్తున్నానని నాకే తెలుస్తోంది.

"సార్, మా అక్కకు మాట్లాడటం రాదు," అంది చిట్టి. "చదవడం వచ్చు. ఆ కాగితం చదవమనండి."

టీచరు గారు దిద్దిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. జవాబుల చుట్టూ ఎర్ర సిరాతో గీతలు గీసి ఉన్నాయి. నేను ఆయన ముఖం చూడకుండా కాగితానికే వినిపించాను.

"మొదటి ప్రశ్న. నీరు ఆవిరి ఎలా అవుతుంది? ఇది నాకు తెలుసే అక్కా. తడి బట్ట మీద వేడి పెట్టె పెడితే బుస్సున లేస్తుంది కదా, అదే. ఎండ కూడా ఇస్త్రీపెట్టె లాంటిదే, చెరువు మీద పెడుతుంది. పైకెళ్లి చల్లబడితే మబ్బు. ఉండు, తుమ్మొస్తోంది. హాచ్. ఈ గది ఎప్పుడు ఊడ్చారో."

హెడ్మాస్టరు గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"రెండో ప్రశ్న. కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఒక్కో భాగం ఎన్నో వంతు? దుప్పటి లాగే. సగం, పావు, పావులో సగం. ఎనిమిదో వంతు. ఒప్పేనా అక్కా? చెప్పవే. తలైనా ఊపు. సరే, చెప్పకు. ముఖం మాత్రం అలా గోడలా పెట్టకు, భయమేస్తోంది. మూడో ప్రశ్న. సాలీడుకు కాళ్లెన్ని? ఆరు. అదిగో పైన ఒకటుంది, లెక్కపెడతా. అబ్బా, కదులుతోంది. ఆరే రాసుకో."

తర్వాతి వరుస చూసి నేను ఆగిపోయాను.

"ఆపావేం?" అన్నారాయన. "ఒక్క మాట వదలకూడదన్నానా లేదా?"

అన్నారు. సంతకం కూడా పెట్టాను. కాబట్టి చదివాను.

"అక్కా, హెడ్మాస్టరు గారు నిద్రపోయారు. ఆ నీలం చొక్కాకు మూడో గుండీ లేదు, పిన్నీసు పెట్టుకున్నారు. మన దుకాణానికి వచ్చినప్పుడే లేదు, అమ్మ చూసుకోలేదు. గురక కూడా పెడుతున్నారు. నువ్వు మెల్లగా చదువు, పాపం లేస్తారు."

టీచరు గారు ఉన్నట్టుండి కిటికీలోంచి మైదానం చూడటం మొదలుపెట్టారు. వెనక నుంచి చూస్తే ఆవిడ భుజాలు అదురుతున్నాయి. ఆ రోజు కూడా హెడ్మాస్టరు గారు అదే నీలం చొక్కా వేసుకొచ్చారు. ఆయన చెయ్యి దానంతటదే మూడో గుండీ చోటికి వెళ్లింది.

చెయ్యి అక్కడే ఉంచి ఆయన చిట్టిని అడిగారు. సాలీడుకు కాళ్లెన్నని.

"ఎనిమిది సార్. బయటికొచ్చాక అక్క చెప్పింది. తిట్టింది కూడా."

ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని, మూడో జవాబును చాలాసేపు చూశారు. మొదటి ర్యాంకు పిల్ల పక్కన కూర్చుని, సాలీడుకు ఆరు కాళ్లని నోరు మూసుకుని రాసిందంటే ఇక చెప్పేదేముందని టీచరు గారితో అన్నారు. పట్టీలో నలభై రెండు పక్కన సంతకం చేశారు. కలం మూత పెట్టాక, ఆ కాగితం బీరువాలో అట్టడుగున పెట్టమని మెల్లగా చెప్పారు.

దారి పొడవునా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నడిచింది. దుకాణం తలుపు తీశాక మాత్రం ఇస్త్రీబల్లకు చేరగిలి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. గురక సంగతి రాయకపోతే ఏం పోయిందే అని నన్ను అడిగింది. షరతు కదా అన్నాను. మూగనోముకు ఇంత ధైర్యమా అంది.

మర్నాడు నీలం చొక్కా మా మూటల్లోకి వచ్చింది. అమ్మ ముందుగా గుండీ కుట్టింది. చిట్టి దాన్ని వెలుగులో తిప్పి చూసి, మిగతావి నాలుగు చిల్లుల గుండీలని, ఇది రెండు చిల్లులదని తప్పు పట్టింది. అమ్మ విప్పి మళ్లీ కుట్టింది.

అయిదో తరగతి పరీక్షలకు కొత్త షరతు కాగితం వచ్చింది. పిల్ల చెప్పిన జవాబు మాత్రమే రాయాలట. "మాత్రమే" కింద రెండు గీతలున్నాయి.