గోడ ఎక్కినవాళ్ల దావత్

ఛత్రినాకలో రామలింగం సేటు చీరల దుకాణం పై అంతస్తుకు స్రవ్య ఇన్‌ఛార్జి అయ్యి నెల కూడా కాలేదు. మొన్నటిదాకా మెట్ల కింద బిల్లులు కొట్టిన పిల్ల. పాత ఇన్‌ఛార్జి మానేసిన రోజు సేటు అటూ ఇటూ చూసి, ఎదురుగా కనబడిందని ఆమెనే కూర్చోబెట్టాడు.

"బోనాలదాకా చూస్త. పని నడిస్తె కుర్చీ నీది. లేకుంటె మా తమ్ముని కొడుకు దీక్షిత్ ఉండనే ఉన్నడు" అన్నాడు.

కుర్చీ పోతే మళ్లీ మెట్ల కిందికే. అక్కడ ఫ్యాను శబ్దం చేస్తుంది గాని గాలి ఇవ్వదు.

ఏం చేయాలో తోచక స్రవ్య ఫోన్‌లో వీడియోలు చూసింది. కోటు వేసుకున్న ఒకాయన, పనిచేసేవాళ్ల మధ్య పోటీ పెట్టాలని చెప్పాడు. మర్నాడే గోడకు బోర్డు వేలాడింది: 'ఈ వారం మేటి'. ఎక్కువ అమ్మినవాళ్లకు దానిమీద ఫోటో, చేతికి ఒక హాట్‌బాక్సు.

మొదటి వారం మహేశ్వరి గెలిచింది. చప్పట్లు ఆగకముందే, దుకాణంలో అందరికంటే పాతవాడైన దుర్గయ్య గొంతు సవరించుకున్నాడు.

"దావత్ ఎప్పుడే మహేశ్వరీ?"

"ఏం దావత్ కాకా?"

"గోడ ఎక్కినవ్ గద! బండి కొన్నోడు ఇచ్చిండు, బిడ్డ పుట్టినోడు ఇచ్చిండు. నువ్వు ఉత్తగనే ఎక్కుతవా?"

మంచి జరిగినవాళ్లు అందరికీ తినిపించాలన్నది ఆ దుకాణంలో రివాజు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, కాదన్నవాళ్లు మాత్రం లేరు. మహేశ్వరి అంతస్తు మొత్తానికి బిర్యానీ తెప్పించింది. "గా హాట్‌బాక్సుల పెట్టుకునేతందుకు ఏమన్న మిగిలిందా అని మా ఆయన అడుగుతుండు" అంది. అందరితోపాటు స్రవ్య కూడా నవ్వింది. ఇంకో ముక్క వేసుకుంది.

తర్వాతి వారం ఆషాఢం రద్దీ. చీరలు బాగానే పోయాయి. కాని బిల్లు కొట్టించే దగ్గర మర్యాదలు ఎక్కువయ్యాయి.

"ఇది సాయిలు పేరు మీద కొట్టు" అంటాడు దుర్గయ్య.

"నాకెందుకు కాకా? చీర చూపిచ్చింది నువ్వు!" అంటాడు సాయిలు.

"నిచ్చెన ఎక్కి తీసింది నువ్వే గదరా."

"నీ కాళ్లు మొక్కుత, నా పేరొద్దు!"

ఒకరి గొప్ప ఇంకొకరికి ఇచ్చేసుకుంటున్నారు! కోటాయన చెప్పిన టీమ్ స్పిరిట్ ఇదే కాబోలనుకుని స్రవ్య మురిసిపోయింది.

శనివారం సేటు శాలువా పట్టుకుని తానే మెట్లెక్కి వచ్చాడు. "ఈ వారం మేటి ఎవలు? నా చేతితోని కప్పుత."

స్రవ్య కంప్యూటర్లో చూసి హుషారుగా పిలిచింది. "డానియేలు!"

ఎవరూ కదలలేదు.

"డానియేలూ, సిగ్గుపడకు, ముందుకు రా!"

మహేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు తట్టింది స్రవ్యకు. చెల్లెలి పెళ్లి పనులకని డానియేలు సోమవారమే జహీరాబాదు పోయాడు. సెలవు ఇచ్చింది తనే.

"ఏడి?" అన్నాడు సేటు.

గోదాముకు పోయాడంటే సరిపోతుంది. దుర్గయ్య కళ్లతో ఆ మాటే అందిస్తున్నాడు. కాని స్రవ్య అబద్ధం ఆడబోతే మాటకంటే ముందు చెవులు ఎర్రబడతాయి. అవి అప్పటికే వేడెక్కాయి.

"సెలవుల ఉన్నడు సేటు. చెల్లె పెండ్లికని పోయి వారమైంది."

"మరి గీ చీరలన్ని ఎవలు అమ్మిన్రు?"

జవాబు దుర్గయ్య చెప్పాడు. "అందరం అమ్మినం. హాట్‌బాక్సు ఇచ్చి బిర్యానీ పెట్టుమంటె ఎట్ల సేటు? ఎదురుంగ ఉన్నోని పేరు ఏస్తె లొల్లి. గందుకె డానియేలు పేరు ఏసినం, లేనోడైతె ఎదురు చెప్పడు గద."

"తప్పు నాదే. బోర్డు తీసేస్త సేటు" అంది స్రవ్య. చూపు అప్పుడే మెట్ల వైపు దిగిపోయింది.

సేటు కంప్యూటర్లోకి తొంగిచూశాడు. నిరుటి ఆషాఢం కంటే అమ్మకం పెరిగింది. గడ్డం గీరుకున్నాడు.

"పెండ్లికి పోయినోనితోనే ఇంత అమ్మిపిచ్చినవంటె, ఉన్నోళ్లతోని ఎంత అమ్మిపిస్తవో! కుర్చీ నీదే బిడ్డా."

"గట్ల కాదు సేటు, అది..."

"నీ తెలివి నాకెర్కనే. ఫికర్ చెయ్యకు."

శాలువా ఆమెకే కప్పాడు. మెట్లు దిగుతూ, కార్వాన్‌లో ఉన్న తన ఇంకో దుకాణంలోనూ ఇలాంటి బోర్డే పెట్టించాలని, దీక్షిత్‌ను అక్కడ కూర్చోబెడతానని, అతనికి స్రవ్యే నేర్పాలని చెప్పి వెళ్లాడు.

సోమవారం పొద్దున్నే దీక్షిత్ ఫోన్ చేశాడు.

"అక్కా, బోర్డు ఎంత సైజుది తేవాలె?"

స్రవ్య కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏ సైజుదైనా నడుస్తది తమ్మీ. ముందుగాల మీ దగ్గర ఎవలు సెలవుల ఉన్నరో చెప్పు."